లెక్కకు రాని చదువరులు

గత విద్యా సంవత్సరం చివరలో జరిగిన గ్రంథాలయ సంఘ సమావేశంలో మేము ఒక కాగితం మీద సంతకం చేశాము. మూడు సంవత్సరాలుగా ఎవరూ తీసుకొనని పుస్తకాల జాబితా అది. అటువంటివాటిని బీరువాలలో నిలవ ఉంచడం వృథా అనీ, వాటిని తీసివేసి ఆ స్థలంలో పోటీ పరీక్షల పుస్తకాలు ఉంచవలెననీ తీర్మానం. ప్రతి పుస్తకం పేరుకు ఎదురుగా, దానిని ఎన్నిసార్లు ఇచ్చినదీ తెలిపే గడి ఒకటి ఉన్నది. ఆ గడులన్నింటిలోనూ సున్నలే. సున్నలను చూచి సంతకం చేయడానికి ఎక్కువ ఆలోచన అవసరం లేదు. టీ చల్లారక ముందే ఆ పని ముగిసినది.

ఆ జాబితా రెండవ పుట అంతా బొమ్మల కథల పుస్తకాలు. అమర చిత్ర కథలు, టింకిల్ సంపుటాలు, మూడు సంపుటాల మహాభారతం. ఒక విశ్రాంత ఉపన్యాసకులు తమ పిల్లలు పెద్దవారైన పిమ్మట కళాశాలకు విరాళంగా ఇచ్చినవి. డిగ్రీ చదివేవారికి ఈ కామిక్స్ దేనికని సమావేశంలో ఒకరు అన్నారు. అందరూ నవ్వారు. నవ్వినవారిలో మేమూ ఉన్నాము. అటువంటి పుస్తకాల మీదనే మేము తెలుగు చదవడం నేర్చుకొన్నామన్న సంగతి ఆ క్షణాన మాకు గుర్తుకు రాలేదు.

రెండు మూడు రోజుల తరువాత ఏదో నిఘంటువు కోసం గ్రంథాలయానికి వెళ్ళినప్పుడు అటెండరు మమ్మల్ని ఆపాడు. అతను మాట్లాడడానికి వెనుకాడే మనిషి. ఆనాడు మాత్రం వెనుకాడలేదు.

"సార్, ఆ బొమ్మల పుస్తకాలు తీసేస్తారంట. పిల్లోళ్ళు ఏం చదవాల సార్?"

ఎవరూ తీసుకొనడం లేదు కదా, రిజిస్టరులో అంతా సున్నలే ఉన్నవి కదా అన్నాము.

"తీసుకోవాలంటే మనం ఇస్తే కదా సార్! వాటి మీద బయటికి ఇవ్వరాదు అని ముద్ర కొట్టించినారు. ఈడనే బల్ల మీద చదువుతారు, ఈడనే పెట్టిపోతారు. పొద్దుగూకినాక సర్దేది నేనే."

నిజమే. పలుచని పుస్తకాలు, బయటికి పోతే తిరిగి రావని భయపడి వాటిని గదిలోనే చదవవలెనని నియమం పెట్టినది మేమే. ఆ నియమం వలన రిజిస్టరులో సున్నలు ఏర్పడినవి. ఆ సున్నలను సాక్ష్యంగా చూపి పుస్తకాలకు ఉద్వాసన చెప్పినదీ మేమే. బీరువా దగ్గరకు వెళ్ళి చూశాము. అట్టలు నలిగి ఉన్నవి, వెన్నులు ఊడి ఉన్నవి, పుటల మూలలు వేళ్ళ తడికి నల్లబడి ఉన్నవి. ప్రిన్సిపాల్ గారి గదిలో తాళం వేసిన గాజు బీరువాలో విజ్ఞాన సర్వస్వం సంపుటాలు ఉన్నవి. వాటి అట్టలు నేటికీ తళతళలాడుతున్నవి. వాటిని తీసివేయవలెనని ఏ జాబితాలోనూ లేదు.

ఇక్కడ మా సొంత సంగతి కొంత చెప్పక తప్పదు.

మా బాల్యం రాయలసీమలోని ఒక చిన్న పట్టణంలో గడిచినది. ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. బడిలో తెలుగు మాధ్యమం. మా వీధి మలుపులో ప్రభుత్వ శాఖా గ్రంథాలయం ఉండేది. 1990ల చివరి మాట ఇది. గ్రంథాలయానికి శుక్రవారం సెలవు. జుమా నమాజు కూడా ఆనాడే కనుక మాకు కలిగిన లోటేమీ లేదు. మిగిలిన రోజులలో సాయంత్రం బడి వదలగానే నేరుగా అక్కడికే పోయేవాళ్ళము. ఒక పొడవాటి బల్ల, దాని మీద దినపత్రికలు, చివర చందమామ. పెద్దలు దినపత్రికను నాలుగు ముక్కలుగా విడదీసి పంచుకొని చదివేవారు. చందమామను విడదీయడం కుదరదు కనుక మేము ముగ్గురు నలుగురం ఒకే పుస్తకం మీద తలలు ఆనించి చదివేవాళ్ళము. వేగంగా చదివేవాడు పుట తిప్పబోతే నెమ్మదిగా చదివేవాడు చేయి అడ్డం పెట్టేవాడు. ఆ నెమ్మదిగా చదివేవాళ్ళము మేమే. ఇంట్లో తెలుగు లేనందువలన వాక్యం పెదవులతో ఒకసారి పలికితే గాని మాకు అర్థమయ్యేది కాదు.

నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో తెలుగులోనూ తమిళంలోనూ ప్రారంభించిన చందమామను కచ్చితంగా కామిక్ అనడానికి వీలులేదు. అందులో కథ అక్షరాలలో నడుస్తుంది. చిత్రా, వడ్డాది పాపయ్య, శంకర్ వంటి వారి బొమ్మలు ప్రక్కన నిలబడి వెలుగు చూపుతాయి. అమర చిత్ర కథలో బొమ్మయే కథను నడుపుతుంది. మాట బుడగలో ఉంటుంది. అనంత పాయ్ 1967లో మొదలుపెట్టిన ఆ వరుస పుస్తకాలు తెలుగులోనూ వచ్చేవి. మా గ్రంథాలయంలో ఒక అరలో ఉండేవి. కొన్నింటి మీద రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ సంస్థ ముద్ర ఉండేది. కలకత్తాలో 1972లో ఏర్పడిన ఆ సంస్థ దేశంలోని గ్రంథాలయాలకు పుస్తకాలు సమకూరుస్తుందని మాకు అప్పట్లో తెలియదు. ఆ ముద్రను చూచి, రాయ్ గారు తాము చదివిన పుస్తకాలు మా ఊరికి పంపారని అనుకొనేవాళ్ళము.

అబ్బా డిపాజిట్ కట్టి మాకు కార్డు ఇప్పించారు. ఒక కార్డుకు ఒక పుస్తకం. లైబ్రేరియన్ గారు మంచివారు. "ఏమప్పా, మళ్ళా బొమ్మల పుస్తకమేనా?" అని అడిగేవారే గాని కాదనేవారు కాదు. ఇంటికి తెచ్చిన పుస్తకం మొదట మేము చదివేవాళ్ళము. తరువాత ఆపా. ఆమె మా కంటె నాలుగేండ్లు పెద్దది. ఆ వయసు ఆడపిల్ల గ్రంథాలయానికి పోవడం మా వీధిలో వాడుక లేదు. కనుక ఆపా చదివినదంతా మా కార్డు మీదనే. ఆ పిమ్మట ప్రక్క ఇంటి పిల్లలు ఇద్దరు. చివర అమ్మీ.

అమ్మీకి ఉర్దూ చదవడం వచ్చు. తెలుగు మాట్లాడగలరు గాని అక్షరాలు రావు. అయినప్పటికీ ఆమె ఆ పుస్తకాలు చదివేవారు. వంట ముగించి, దీపం దగ్గర కూర్చొని, ఒక్కొక్క గడినీ చాలాసేపు చూచేవారు. మేము మాటలు చదివి చెప్పబోతే వద్దనేవారు. ఒకనాడు ఒక మంత్రి బొమ్మ మీద వేలు పెట్టి "ఇనే ఝూట్ బోల్‌రా, ఆంఖాఁ దేఖ్" అన్నారు. వీడు అబద్ధమాడుతున్నాడు, కళ్ళు చూడు అని. మేము ఆ పుస్తకం అప్పటికి రెండుసార్లు చదివి ఉన్నాము. మంత్రి మాటలను నమ్మి ఉన్నాము. నాలుగు పుటల తరువాత అతని గుట్టు బయటపడుతుందని మాకు తెలుసు గాని, ముందే అది అతని కళ్ళలో ఉన్నదని తెలియదు. ఆ తరువాత మేము బొమ్మలు చూడడం నేర్చుకొన్నాము. మా ఇంట్లో ఆ విద్యకు గురువు అక్షరాలు రాని అమ్మీ.

ఆ పుస్తకాలు అన్నీ మమ్మల్ని సంతోషపెట్టినవని చెప్పలేము. కొన్నింటిలో మా వంటి పేర్లు గలవారు కత్తి దూసిన శత్రువులుగానే కనిపించేవారు. ఆపా ఒకసారి అటువంటి పుస్తకం సగంలో మూసి "ఇది వాపసు ఇచ్చిరా" అన్నది. మారు మాట్లాడలేదు. మరునాడు ఇచ్చి వచ్చాము. బదులుగా బీర్బల్ కథలు తెచ్చాము. ఇంకొకనాడు నూర్జహాన్ దొరికినది. దానిని ఆపా తన దగ్గర గడువు దాటే వరకూ ఉంచుకొన్నది. జరిమానా అబ్బా కట్టారు. డబ్బు పెట్టి కొన్న పుస్తకమైతే నచ్చకపోయినా ఇంట్లో పడి ఉండేది; దాని అమ్మకం దాని గౌరవాన్నే పెంచి ఉండేది. ఇచ్చిరమ్మని చెప్పగల అధికారం మా ఆపాకు గ్రంథాలయం వలన కలిగినది.

పుస్తకం చివర అంటించిన తేదీ చీటీ మీద ఆ పదిహేను రోజులకూ పడినది ఒక్క ముద్ర. చదివినవారం ఐదుగురం.

ఇక అమ్మకాల లెక్కల సంగతి. బి.కాం. రెండవ సంవత్సరం విద్యార్థిని ఒకరు ప్రాజెక్టు పని కోసం కామిక్ పుస్తకాల వ్యాపారాన్ని విషయంగా తీసుకొన్నది. వాణిజ్య శాఖవారు వివరాలు చూస్తారు, తెలుగు సరిచూడడానికి మా దగ్గరకు పంపారు. సరిచూడబోయి మేమే చాలా నేర్చుకొన్నాము.

అమెరికాలో తపాలా రాయితీ పొందే పత్రికలు ఏటా ఒకసారి తమ సగటు అమ్మకాన్ని పత్రికలోనే అచ్చు వేయవలెనన్న నియమం 1960 నాటికి అమలులోకి వచ్చినది. మన దేశంలోనూ 1956 నాటి నిబంధనల ప్రకారం ఫిబ్రవరి ముగిసిన తరువాతి సంచికలో నాలుగవ ఫారం అచ్చు వేసే ఆచారం దశాబ్దాల పాటు నడిచినది. అందులో ముద్రాపకుడెవరు, సంపాదకుడెవరు, యజమాని ఎవరు అనే వివరాలు ఉండేవి. ఎన్ని ప్రతులు అమ్మినదీ ఉండేది కాదు. యజమాని పేరు చదువరికి చెప్పి, చదువరుల సంఖ్య చదువరికి చెప్పకపోవడం మాకు కొంత విడ్డూరంగా తోచినది. అమెరికావారు చెప్పినందువలన, 1960లో కార్ల్ బార్క్స్ గీసిన ముసలి పిసినారి బాతు కథల పత్రిక, అంకుల్ స్క్రూజ్, సంచికకు 10 లక్షలకు పైగా అమ్మినదని నేడు మనకు తెలుస్తున్నది. ఆనాటి పద్ధతిలో దుకాణాలవారు అమ్ముడుపోని ప్రతులను తిప్పి పంపేవారు. కనుక ఆ సంఖ్యకు కొంత నిజాయితీ ఉన్నది. అమ్మినదంటే ఎవరో ఒక పిల్లవాడు నాణెం ఇచ్చి తీసుకొన్నాడనే అర్థం.

1973 ప్రాంతంలో ఫిల్ స్యూలింగ్ అనే వ్యాపారి వేరొక పద్ధతి తెచ్చాడు. కామిక్స్ మాత్రమే అమ్మే దుకాణాలకు ఎక్కువ తగ్గింపు ఇస్తారు. మిగిలిపోయిన ప్రతులు మాత్రం తిరిగి తీసుకొనరు. దుకాణదారు కొన్న క్షణానే అమ్మకం పూర్తి అయినట్లు. ఆ ప్రతి చదువరి చేతికి చేరినదా, అటక మీద పెట్టెలో ఉన్నదా అన్నది ప్రకాశకుని లెక్కకు సంబంధం లేని సంగతి అయినది. ఈ పద్ధతి లేకపోతే అనేక చిన్న ప్రకాశకులు పుట్టేవారే కారని ఒప్పుకొనవలసినదే. కాని దీని విపరీతం 1991లో బయటపడినది. ఆ సంవత్సరం మార్వెల్ సంస్థ క్రిస్ క్లేర్మాంట్ రచన, జిమ్ లీ బొమ్మలతో ఎక్స్ మెన్ కొత్త వరుస మొదటి సంచికను వెలువరించినది. దుకాణాలు తీసుకొన్న ప్రతులు 80 లక్షలకు పైమాటే. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన సంఖ్య అది. లోపలి కథ ఒకటే. అట్టలు ఐదు రకాలు. ఐదూ కావలెనని ఒక్కరే ఐదు ప్రతులు కొన్నారు. మున్ముందు ధర పెరుగుతుందని కొందరు పదులలో కొని ప్లాస్టిక్ సంచులలో దాచారు.

1992 నవంబరులో సూపర్‌మాన్ మరణించే సంచిక వచ్చినది. దానిని నల్లని సంచిలో మూసివేసి అమ్మారు. సంచి చింపితే గాని చదవడానికి లేదు. చింపితే విలువ పోతుందని కొన్నవారిలో ఎందరో చింపలేదు. చదవకుండా ఉంచడం కొరకు పుస్తకం కొనడమన్నది మానవ చరిత్రలో అంతకు ముందు ఎంత జరిగినదో మేము చెప్పలేము. మా ప్రిన్సిపాల్ గారి గాజు బీరువా ఒకటి మాత్రం గుర్తుకు వచ్చినది.

దాచినవారి ఆశ ఫలించలేదు. అందరూ దాచిన వస్తువు అరుదైన వస్తువు కాజాలదు. ధరలు పడిపోయినవి, దుకాణాలు మూతపడినవి, 1996 డిసెంబరులో మార్వెల్ సంస్థయే న్యాయస్థానంలో దివాలా రక్షణ కోరినది.

ఆ అమ్మాయి ఈ భాగం వ్రాసి తెచ్చి అడిగినది: "సార్, ఎనభై లక్షలు అమ్మినారు అంటే ఎనభై లక్షల మంది చదివినట్లు కాదు కదా?"

కాదన్నాము. దినపత్రికల విషయంలో మన దేశంలోనూ ఈ రెండు లెక్కలను వేరువేరుగానే చూస్తారు. 1948లో ఏర్పడిన ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ లెక్కించేది అమ్ముడైన ప్రతులను. చదువరుల సంఖ్యను తెలుసుకొనడానికి ఇల్లిల్లూ తిరిగి అడిగే సర్వేలు వేరు. టీ దుకాణంలో ఒక పత్రికను ఉదయం నుంచి రాత్రి వరకూ ఎందరు చదువుతారో ఎరిగిన దేశం కనుక మనకు ఈ భేదం బోధపడడం కష్టం కాదు. అమర చిత్ర కథ 10 కోట్ల ప్రతులు అమ్మినదని ప్రకాశకులు చెప్పుకొనే లెక్క. అందులో మా శాఖా గ్రంథాలయం ప్రతులూ ఉండి ఉంటాయి, ఒక్కొక్కటి ఒక్కొక్కటిగానే. మా ఆపా, అమ్మీ, ప్రక్క ఇంటి పిల్లలు మాత్రం అందులో లేరు.

ఆ ప్రాజెక్టులో మాకు బాగా నచ్చిన భాగం మిస్ మార్వెల్ గురించినది. 2014లో వచ్చిన ఆ కథల నాయిక కమలా ఖాన్, జెర్సీ సిటీలో నివసించే పాకిస్తానీ మూలాల ముస్లిం బాలిక. రచయిత్రి జి. విల్లో విల్సన్, సంపాదకురాలు సనా అమానత్. కామిక్స్ దుకాణాల నెలవారీ జాబితాలలో ఆ పత్రిక స్థానం క్రమంగా క్రిందికి జారినది. ఆ జాబితాలనే చూచేవారు అది ఇక ఆగిపోతుందని తలచారు. కాని సంచికలను కలిపి కుట్టిన సంపుటాలు మామూలు పుస్తకాల దుకాణాలలో, పాఠశాలలలో, గ్రంథాలయాలలో వేరే చదువరులను సంపాదించుకొన్నవి. కామిక్స్ దుకాణం గడప ఎన్నడూ తొక్కని ఆడపిల్లలు వారిలో చాలామంది. మొదటి సంపుటానికి 2015లో హ్యూగో బహుమతి వచ్చినది. దుకాణం లెక్కను మాత్రమే చూచి తీర్పు చెప్పి ఉంటే ఆ బాలిక కథ తొందరగానే ముగిసి ఉండేది. మన దేశంలోనూ ఇంద్రజాల్ కామిక్స్‌లో 1976 నుంచి వచ్చిన బహాదూర్ అనే వీరుణ్ణి సృష్టించినది ఆబిద్ సుర్తీ అని ఆ అమ్మాయి చెప్పేవరకూ మాకు తెలియదు. చిన్ననాడు ఆపాకు చెప్పడానికి పనికివచ్చే సంగతి అది. ఇరవై ఏండ్లు ఆలస్యంగా తెలిసినది.

ప్రాజెక్టు ముగించే ముందు ఆ అమ్మాయి ఇంకొక ప్రశ్న అడిగినది. "నేను ఒక్క కామిక్ కూడా కొనలేదు సార్. అన్నీ లైబ్రరీలోనే చదివినా. బొమ్మలు గీసినవాళ్ళకు నా వలన నష్టమే కదా?"

ఈ ప్రశ్నను మేము మా అబ్బాను ఇంచుమించు ఇట్లే అడిగి ఉన్నాము. పుస్తకం ఊరికే ఇస్తున్నారు కదా, ఎందుకిస్తారని. అబ్బా ఇంటి పన్ను రశీదు తెచ్చి చూపారు. ఆంధ్రప్రదేశ్‌లో 1960 నాటి గ్రంథాలయ చట్టం క్రింద ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. "ఊరికే ఎక్కడ? మనమే కొన్నాం. మనతో బాటు ఊరంతా కొన్నది" అన్నారు. అబ్బా సైకిళ్ళు బాగుచేసేవారు, పెద్దగా చదువుకొన్నవారు కారు. ఎనిమిది పైసల లెక్క మాత్రం వారికి కచ్చితంగా తెలుసు. ఆ పైకం అన్ని చోట్లా సకాలంలో గ్రంథాలయాలకు చేరుతున్నదా అంటే ఆ ప్రశ్న వేరు.

అబ్బా చెప్పినది సగం జవాబు. కొన్నది ఒక ప్రతి, చదివినది వందమంది అయినప్పుడు రచయితకు దక్కేది ఒక ప్రతి మీది ప్రతిఫలమే. ఈ న్యాయాన్ని గుర్తించి గ్రంథాలయాలలో ఉన్న పుస్తకాలకు గాను రచయితకు కొంత చెల్లించే పద్ధతిని 1946లో డెన్మార్క్ మొదలుపెట్టినది. బ్రిటన్ 1979లో చట్టం చేసి 1984లో మొదటి చెల్లింపులు జరిపినది. అక్కడ బొమ్మలు గీసినవారికీ వాటా ఉన్నది. ఒకరికి ఏడాదికి 6,600 పౌండ్లకు మించి ఇవ్వరాదన్న పరిమితి కూడా ఉన్నందువలన ధనం అంతా ప్రసిద్ధులకే పోదు. మన దేశంలో అటువంటి చట్టం లేదు. కనుక నష్టం ఉన్నదనే చెప్పవలెను. కాని ఆ నష్టం చదివినందువలన వచ్చినది కాదు, చదివిన సంగతి లెక్క పెట్టనందువలన వచ్చినది. ఈ మాట ఆ అమ్మాయికి చెబుతుండగా మా సంతకం మాకు గుర్తుకు వచ్చి మాట తడబడినది.

అప్పటికి మేము అటెండరుతో కలిసి ఒక చిన్న పని మొదలుపెట్టి ఉన్నాము. పాత కాలెండరు కాగితం వెనుక, బల్ల మీద చదివి విడిచిన ప్రతి బొమ్మల పుస్తకానికీ ఒక గీత గీయమన్నాము. ఆరు పని దినాలు గడిచేసరికి గీతలు కాగితంలో సగానికి పైగా నిండినవి. అటెండరు మరొక సంగతి కూడా గమనించాడు. ఉర్దూ మాధ్యమం నుంచి వచ్చిన మొదటి సంవత్సరం పిల్లలు ఇంగ్లీషు బొమ్మల పుస్తకాలను ఎక్కువగా తీస్తున్నారు. తెలియని మాటను బొమ్మ చూచి ఊహించుకొని, ప్రక్కవారిని అడిగి సరిచూచుకొంటున్నారు. డిగ్రీ విద్యార్థులకు కామిక్స్ దేనికన్న ప్రశ్నకు అంతకంటె జవాబు మా దగ్గర లేదు. ఎస్. ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన ఐదు సూత్రాలలో మొదటిది, పుస్తకాలు ఉపయోగానికే అన్నది, గ్రంథాలయం గోడ మీదనే వ్రాసి ఉన్నది. దాని క్రిందనే 'బయటికి ఇవ్వరాదు' బీరువా ఉన్నది. ఇంకొక చిత్రం: డ్యూయీ వర్గీకరణలో కామిక్స్‌కు 741.5, అనగా చిత్రలేఖనం దగ్గర చోటు. కథల కోసం 894.827 దగ్గర వెదికేవారికి ఇవి ఎదురుపడవు. వెదికి పట్టుకొన్న మన పిల్లలను మెచ్చుకొనవలసినదే.

కాలెండరు కాగితాన్ని జతచేసి కార్యవర్గం వారికి ఉత్తరం వ్రాశాము. మా సంతకం ఉపసంహరించుకొంటున్నామని అందులో స్పష్టంగా చెప్పాము. ఇటువంటి పుస్తకాలు యువకులను పాడుచేస్తాయని గతంలో వైద్యులే చెప్పారు కదా అని ఒక పెద్దలు అన్నారు. చెప్పిన మాట నిజమే. 1954లో ఫ్రెడ్రిక్ వెర్థామ్ అనే మానసిక వైద్యుడు అమెరికాలో అట్లు పుస్తకం వ్రాసి పెద్ద కలవరం రేపాడు. సెనేటు ఉపసంఘం విచారణ జరిపినది, ప్రకాశకులు తమకు తామే నియమావళి విధించుకొన్నారు. ఆయన కాగితాలు 2010లో అక్కడి కాంగ్రెస్ గ్రంథాలయంలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చినవి. గ్రంథాలయ శాస్త్ర ఆచార్యురాలు కరోల్ టిల్లీ వాటిని పరిశీలించి, పిల్లలు చెప్పిన మాటలను ఆయన తన వాదానికి అనుకూలంగా మార్చినట్లు 2012లో ప్రకటించారు. ఈ సంగతి విని ఆ పెద్దలు "అట్లయితే ఉండనివ్వండి" అన్నారు. కార్యవర్గం వారు పుస్తకాలను ఉంచడానికి అంగీకరించడమే గాక, బల్ల మీద చదివినవాటికి రిజిస్టరులో ఒక గడి చేర్చమన్నారు. ఇందుకు వారికి మా కృతజ్ఞతలు.

అయితే ఉత్తరం వెళ్ళేలోపలనే ఒక కట్ట పాత దినపత్రికలతో కలిసి తూకానికి పోయినది. ఏవేవి పోయినవో జాబితాతో సరిచూచుకొన్నాము. టింకిల్ సంపుటాలు కొన్ని, విడి అమర చిత్ర కథలు పదో పన్నెండో, మహాభారతం రెండవ సంపుటం.

వేసవి సెలవుల తరువాత ఆ బి.కాం. అమ్మాయి మా గదికి వచ్చినది.

"సార్, మహాభారతం మొదటి పుస్తకం అయిపోయింది. మూడోది ఉంది, రెండోది కనబడలేదు. ఎవరన్నా తీసుకున్నారా సార్?"

తూకానికి పోయినదని, పంపిన కాగితం మీద మా సంతకం కూడా ఉన్నదని చెప్పాము. ఆమె ఏమీ అనలేదు. కొంతసేపు నిలబడి, "మూడోది ముందు చదవనా సార్, అది దొరికేదాకా ఆగనా?" అని అడిగినది. ఆగమన్నాము.

జిల్లా కేంద్ర గ్రంథాలయానికి అటెండరును పంపుదామనుకొని, తరువాత మేమే వెళ్ళాము. అక్కడ ఆ సంపుటం ఉన్నది. మా పేర సభ్యత్వం లేదు. డిపాజిట్ కట్టి, ముప్పై ఏండ్లు దాటిన వయసులో కొత్త కార్డు తీసుకొన్నాము. గడువు పదిహేను రోజులు. చీటీ మీద మా పేర ఒక ముద్ర పడినది.

పదమూడవ రోజున ఆ అమ్మాయి వచ్చి, తాను చదవడం అయినదని, ఇంట్లో వాళ్ళ అమ్మీ ఇప్పుడు చూస్తున్నారని, గడువు పొడిగించడానికి వీలవుతుందా అని అడిగినది. వెళ్ళి పొడిగించుకొని వచ్చాము.